గాలికి చెప్పలేదు

పోయినేడు మా ఊరి కుర్రాడు గెలిచాడు.
రాత్రంతా కారు హారన్లు మోగించాం.
తెల్లారేసరికి కబురు:
గెలిచినవాళ్ళే వచ్చేయేడు పోటీ జరపాలట.
దేశం మా ఊరిని చూపించింది.
ఊరు నన్ను చూపించింది.

నా పేరు దనిత్సా. నీటి బిల్లుల గుమాస్తాని.
మాది పుంతా అరేనాస్. ప్రపంచ పటం గోడకి తగిలిస్తే
కింది మేకు దిగే చోటు.
దారి అడిగినవాళ్ళు కూడా
ముందు "ఎందుకు?" అనే అడుగుతారు.

ముప్పై ఒక్క దేశాలు.
నూట పన్నెండు పెట్టెలు, ఒక హార్ప్,
పిల్లి పక్కన లేకపోతే గొంతు పెగలని ఒకావిడ.
జార్జియా ముగ్గురి ఉన్ని కోట్లు
పేరు కలిసిందని పుంతా కానా వెళ్ళిపోయాయి.
అక్కడి ఎండలో, ఎవరూ రాని బెల్టు మీద
గుండ్రంగా తిరుగుతూ ఉన్నాయట.

హాలు లేదు. ఉన్ని గిడ్డంగి కడిగాం.
నలభై ఏళ్ళ గొర్రెవాసన కడిగితే పోతుందా?
కడిగాం.
ఆ గోడలు పాడిన స్వరాన్ని తిరిగివ్వవు,
చేబదులు పట్టుకెళ్ళిన బావమరిదిలా.

పియానో ఓడలో వచ్చింది,
జలసంధి మీద ఆరు రోజులు ఊగి.
ఒవిదియో బర్రీయా మూత ఎత్తి, ఒక్క మెట్టు నొక్కి,
"దీనికింకా సముద్రం దిగలేదు" అన్నాడు.
మూడు రాత్రులు దాని పక్కనే చాప వేసుకున్నాడు.

ఓట్లు వేసేవాళ్ళేమో యూరప్‌లో.
వాళ్ళకి రాత్రి ఎనిమిదంటే మాకు సాయంత్రం నాలుగు,
నవంబరులో మాకు తొమ్మిదిన్నరకి గాని పొద్దు వాలదు.
కిటికీలకి నల్లగుడ్డలు కొట్టి
చేత్తో రాత్రి చేసిపెట్టాం.

గాలి సంగతి మాత్రం ఎవరికీ రాయలేదు నేను.
రాస్తే రారని.
ఆ నెలలో మా వీధుల్లో తాళ్ళు కడతారు,
జనం పట్టుకు నడవడానికి.
బస నుంచి హాలుదాకా ముప్పై ఒక్క దేశాలూ
ఒకే తాడు మీద వచ్చాయి,
ముందున్నవాళ్ళ నడుము పట్టుకుని,
ఎవరి పాయింట్లు ఎన్నో మరిచి,
తిట్టుకుంటూ, ఏ భాషవాళ్ళా భాషలో.

పందొమ్మిదో పాటకి రేకుల కప్పు మొదలెట్టింది,
అడుగునుంచి, మంద్రంలో, ఆపకుండా.
మైకులన్నీ దాన్నే పట్టాయి.
ఆపమన్నాడు జడ్జి. ఎవరిని?
ఫారో దీవుల తూరిద్ తల ఎత్తి విన్నది.
పియానో వాయించేవాణ్ణి చెయ్యెత్తి ఆపి
కప్పు శ్రుతికే పాడింది, మొదటినుంచి.
ఒవిదియో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.
మూడు రాత్రుల పని.
అయినా తలాడిస్తున్నాడు, నేను చూశాను.

ఆవిడకి ఇరవై ఆరో స్థానం వచ్చింది.

గెలిచిన దేశపు గుమాస్తా నిన్న ఫోన్ చేసింది,
దేనితో మొదలెట్టాలని.
"తాడు కొనండి" అన్నాను.
కాసేపు లైనులో ఏమీ వినపడలేదు.

కోట్లు పదకొండో రోజున వచ్చాయి.
సంతకం పెట్టి తీసుకున్నాను.
పార్సిల్ మీద తిబ్లిసి చిరునామా రాశాను కూడా.
తపాలా ఖర్చు ఏ పద్దులో రాయాలో తెలీక
బీరువాలోనే ఉంచాను.
గాలి మరీ ఎక్కువైన రోజు
ఒకటి తొడుక్కుని మీటర్లు చూడ్డానికి వెళ్తాను.
చేతులు కాస్త పొడుగు.