కొసరు

రోజూ పొద్దున్నే తడిగుడ్డతో నిన్నటి రేటు తుడిచి
సుద్దముక్కతో ఇవాళ్టిది రాస్తాను,
జాక్మెల్ ఇనుపసంత ఎదుట, మార్పిడి కొట్టు పలక మీద.
పావు తక్కువ నూట ముప్పై ఒకటి.
పలక కిందే ఒరాని బుట్ట.
"మూడు పళ్ళు ఇరవై డాలర్లు" అంటుంది.
కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు.
ఇరవై అంటే వంద గూర్డులని
విడమరచి చెప్పడం నా జీతంలో లేని పని.

ఐదు గూర్డులకి ఒక డాలరు:
అమెరికా సైనికులు దిగకముందే ఎవరో కొట్టిన మేకు.
డెబ్బై ఏడేళ్ళు కదల్లేదు.
ఊడిపోయి కూడా ముప్పై ఏళ్ళు దాటింది,
గోడకి కన్నం అలాగే ఉంది,
జనం ఇంకా దానికే చొక్కాలు తగిలిస్తున్నారు.

గూర్డు అంటే స్పెయిన్ వాళ్ళ బరువైన వెండి నాణెమని
బళ్ళో చదివాను.
"కాదు, సొరబుర్ర" అంటుంది ఒరాని.
ఖజానా ఖాళీ అయిన రాజొకడు
ఊళ్ళలో బుర్రలన్నీ ఏరించి
రైతుల కాఫీకి అవే వెల కట్టాడట.
"మరి మన డాలరో?" అన్నాను.
"అదీ బుర్రలోదే" అని కణత తట్టి చూపించింది.

నిన్న మధ్యాహ్నం అనాసియస్ వచ్చాడు,
మేకు ఊడే ముందటేడు
పడవ చెక్కలకని ఆమె దగ్గర బదులు తీసుకున్నవాడు.
చూడి మేకని అమ్మి ఇచ్చింది, ఇరవై డాలర్లు.
మర్చిపోలేదు పాపం,
వంద గూర్డుల నోటు మడత విప్పి
రెండు చేతులా అందించాడు.

లెక్క సరిపోయింది.
ఒరాని నా పలక వైపు చూడలేదు.
నోటు రవికలో దోపుకుని
బుట్టలో తడిమి తడిమి
మచ్చలేని పండొకటి అతని చేతిలో పెట్టింది,
కొసరు.