అరువు పద్దు

నాజీబ్రోలా దాన్ని నా బల్ల మీద పెట్టేసరికి
చల్లగా ఉంది.
ఫ్రీజర్లో పెడితే బతుకుతుందని ఎవరో చెప్పారట,
రాత్రంతా గడ్డకట్టిన ఖింకాలీల పక్కన పడుకోబెట్టిందట.
మూత మీద ఇంకా చెమట,
మీటల సందుల్లో పిండి.

"చచ్చిందా?" అంది.
"ముందు ఆరనీ" అన్నాను.

కుటాయిసిలో, రియోనీ మీది తెల్ల వంతెన దిగాక
చెప్పులు కుట్టేవాడికీ తాళాల కొట్టుకీ నడుమ
నిలబడితే తల తగిలే నేలమాళిగ నాది.
కిటికీలోంచి చూస్తే మనుషులంటే మోకాళ్ళ దాకానే.
ఆమె మోకాళ్ళు నాకు తెలుసు.
ఎదురు వీధిలో ఆమె కొట్టు:
రొట్టె, సులుగునీ జున్ను, సిగరెట్లు, సబ్బు.
చేతిలో డబ్బు ఆడనివాళ్ళకి నిసియా,
ఇవాళ తీసుకో, పింఛను రోజున ఇయ్యి.
పదకొండేళ్ళ అరువులు.
కాగితం పద్దుని ఎలకలు కొట్టేశాక
మనవడు ఎక్కించి ఇచ్చిన ఒకే ఒక్క ఫైల్లో.

మీట నొక్కితే నల్లటి తెర,
బూట్ చేసేందుకు ఏమీ దొరకలేదని తెల్లటి ముక్క ఒకటి.
లోపల టిక్కు, టిక్కు, టిక్కు.
తాళం కప్పలో తప్పు చెవి తిప్పుతున్నట్టు.

వార్త నాకంటే ముందే వీధికి తెలిసింది.
మధ్యాహ్నానికి ఓతియా వచ్చాడు, ఛార్జర్ కొనే నెపంతో.
"వస్తుందా?" అన్నాడు, రాకూడదన్న గొంతుతో.
త్సియూరీ అత్త "పాపం నాజీబ్రోలా" అని మూడుసార్లంది,
నాలుగోసారి నవ్వు ఆగలేదు.
నేనేమీ అనలేదు.
తేలు కుట్టిన దొంగని.

మరలు విప్పి డిస్కు బయటికి తీశాను.
దాని మీద ఒక్క అక్షరం రాయకూడదు.
చదవడమే. మొండికేసిన చోట వదిలేసి
మెత్తబడిన చోట ముందు తీసుకుని
మళ్ళీ వెనక్కొచ్చి బతిమాలుకోవడం.
బాకీ వసూలు చేసేవాళ్ళకీ ఇదే పద్ధతి తెలిసుండాలి.

మొదటి రాత్రి అరవై ఒక్క శాతం.
రెండో రాత్రి కరెంటు పోయింది,
పాత కారు బ్యాటరీ ఆదుకుంది,
నా గుండె దానికంటే గట్టిగా టిక్కుమంది.
మూడో తెల్లారుజామున తొంభై ఎనిమిది దగ్గర
చప్పుడు ఆగింది. డిస్కు ఆగింది.
చాలు.

ఫైల్ తెరిచాను.
సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కదా
అని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.
పేరు. సరుకు. బాకీ. పక్కన ఇంకో గడి, గమనిక.
ఓతియా, నూట పన్నెండు: "తాగినప్పుడు ఇస్తాడు. శుక్రవారం అడగాలి."
త్సియూరీ, నలభై: "ఇచ్చానంటుంది. ఇవ్వలేదు. పోనీ."
కొన్ని వరుసలు విరిగి ప్రశ్నార్థకాలైపోయాయి,
ఎవరో, వంద గ్రాముల వెన్న, ఎప్పుడో.
నా వరుసకి చిన్న గీత కూడా పడలేదు.
మాల్ఖాజ్, డెబ్బై నాలుగు:
"అడగొద్దు. అడిగితే రావడం మానేస్తాడు."

డిలీట్ మీట మీద వేలు ఎంతసేపుందో
చెప్పను.
పోయిన రెండు శాతంలో
ఒక మనిషి పట్టడా?

సాయంత్రం ఆమె వచ్చింది, చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ.
నా దగ్గర పడున్న డిస్కొకటి లోపల వేశాను,
పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు ఉంది, ఇదిగో నీ ఫైలు, అన్నాను.
తెర వంక చూడనే లేదు.
"నీ కూలెంత?"
"డెబ్బై నాలుగు," అన్నాను, స్క్రూడ్రైవర్‌ని చూస్తూ.

కళ్ళద్దాల పైనుంచి చూసింది. చాలాసేపు.
"డెబ్బై ఆరు అరవై" అంది.
"శనివారం రొట్టె, అగ్గిపెట్టె.
అప్పటికే ఇది చచ్చింది, ఎక్కించలేదు."

జేబులు తడిమి చిల్లర ఏరాను.
రెండు లారి, యాభై తెత్రీ.
పది తక్కువ.

"రాసుకుంటాలే" అంది,
కంప్యూటర్ చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ.
కిటికీలో మోకాళ్ళు, మడమలు,
ఆ తర్వాత ఖాళీ వీధి.