నడుమ కూత తెగింది

చాందా కోర్టు మెట్ల మీది నుంచి
వకీలు ఫోనుల ఒక్కటే ముక్క చెప్పిండు:
"నిర్దోష్."
మరాఠీకీ మన మాటకూ చివర్ల ఒక్క గుడి తేడా.
బల్లార్షా మిల్లు రెండో గేటు కాడ
డప్పులకు ఆ గుడి అక్కరపడలే.

రామటెంకి బాపు ఇంటికొస్తుండు.

మధ్యాహ్నం భోంగా కూయకముందే
వెదురు లారీలు దించే హమాలీలు,
గుజ్జు తొట్ల కాడి కాంట్రాక్టు కూలీలు,
ఆయన ఆట ఆగినంక పుట్టిన పోరగాండ్లు సుత
విసాపూర్ ఫాటక్ దాకా ఎదురువోయినం.
వాసేకర్ రెండు కిలోల గులాల్ తెచ్చిండు, ఉద్దెర.
ఆరేండ్ల కింద బాపు తలుపు మీద పేడ కొట్టిన గోమాస రాజం
"నేను అప్పుడే అనలే?" అని
అందరి భుజాలూ తడుతుండు.
ఏమన్నడో ఎవ్వరూ అడగలే.

అందరికన్న ఎత్తుకు ఎగిరింది నేను.
అంగీ జేబుల పాసుబుక్కు,
ఎగిరినప్పుడల్లా ఎద మీద కొట్టుకుంటున్నది.
పద్దెనిమిది వేల నాలుగు వందలు.
ఎందుకు పట్టుకపోయిన్నో నాకే తెల్వది.

దాని అట్ట మీద బాపే ఉంటడు,
తొడ మీద చెయ్యి, నడుముకు ఎర్ర తువ్వాల.
మా పోసక్క వడ్డీ ఎంతని అడగలే.
"ఈయన పెట్టిన సొసైటీ" అన్నది,
పుస్తె గుండ్లు అమ్మిన పైసలు
కిటికీల నుంచి లోపలికి తోసింది.

ఎందుకు నమ్మిందంటే
కాగజ్‌నగర్‌తోని ఫైనల్ ఆమె సుత చూసింది.
లైట్ల చుట్టూ ఉసిళ్ళు.
ఇద్దరికీ ఇరవై రెండు. ఆఖరి కూత.
ఏడుగురి నడుమకు పోయి, ఇద్దరిని ముట్టి,
మూడోవాని వీపు మీది నుంచి దుంకి
గీత మీద పడ్డడు.
విజిలేసిండ్రు. స్కోరు రాసేది నేనే,
రేకు మీద సుద్దతోని ఇరవై నాలుగు అని గీసిన.
అప్పుడు లేచి, దుమ్ము దులుపుకోకుంట
చెయ్యెత్తిండు:
"నడుమ కూత తెగింది, సార్."

వెయ్యి గొంతుల లొల్లిల
ఒక్కని ఊపిరి తెగిన సంగతి
వానికి తప్ప ఎవనికి తెలుస్తది?
మేం ఓడినం. ఆయన్ని భుజాల మీద మోసినం.
ఆ రాత్రి నేను తుడిచిన అంకె మీదనే
పదేండ్లకు సొసైటీ బోర్డు కట్టిండ్రు.

కోర్టుల ఏమన్నడు?
"సంతకం నాదే. కాయితం చదవలే."
మేనేజరు ఏ దేశంల ఉన్నడో.
సాక్ష్యం చాలదన్నది కోర్టు.
చాలదంటే లేదనా, దొరకలేదనా
అని పాన్‌ఠేలా కాడ సగం రోజు పంచాది.
మోకాలు ఆపరేషన్‌కు దాచుకున్న భీమక్క
స్టూలు మీద నుంచి లేవకుంటనే అడిగింది:
"గెలిచిండా?"
"గెలిచిండు."
"మరి పైసలొస్తయా?"
డప్పు సప్పుడుల ఇనబడనట్టు చేసిన.

జీపు దిగిండు.
మనిషి సగమైండు. తెల్ల గడ్డం, ఒక చెవికి మిషిను.
పోరగాండ్లు గ్రౌండుల సున్నంతోని గీత గీసిండ్రు:
"ఒక్క కూత, కాకా, ఒక్కటే!"
చెప్పులు ఇడిసిండు. గీత ముట్టి కండ్లకద్దుకున్నడు.
"కబడ్డి కబడ్డి కబ..."
దగ్గొచ్చింది.
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని వంగిండు.
ఎవ్వరూ ఔటనలే. అందరం చప్పట్లు.
లేస్తూ లేస్తూ నా దిక్కు చూసిండు,
అప్పట్ల రేకు దిక్కు చూసినట్టు.
కుడిచెయ్యి భుజం దాకా లేచింది.
దండం పెట్టనీకా, ఇంకోదానికా,
తెలిసేలోపు వాసేకర్
ఆ చేతిల కొబ్బరికాయ పెట్టిండు.

రాత్రి పంపు కింద కూసుంటే
గులాల్ చెవుల నుంచి సుత కారుతున్నది.
పాసుబుక్కు అట్ట తడిసి
బాపు మీసం దాకా ఎర్రబడ్డది.
పోసక్క చెంబుతోని నీళ్ళు పోస్తూ అడిగింది:
"ఏమన్నడు?"
"దగ్గిండు" అన్న.