గాలి సోకనివాళ్ళు

ఊరంతా గాలి కోసం బీచికి పోయే వేళకి
నేను పరవాడ బస్సెక్కుతాను.
రాత్రి షిఫ్టు.
గాజువాక దాటాక కిటికీలు మూయమని
ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులకే తెలుసు.

గాలి చొరకుండా కాపలా కాయడం నా ఉద్యోగం.
మూడంతస్తుల ఇనప తొట్టి,
మూత బిగించిన చీకటి.
అందులో నల్ల సగ్గుబియ్యంలా బురద గింజలు
తేలుతూ, మునుగుతూ.
ఒక్కో గింజలో ఎన్ని కోట్ల ప్రాణాలో
రాసే గడి నా రిజిస్టరులో లేదు.

మందుల కంపెనీలు కడిగి వదిలిన నీళ్ళే వాటి తిండి.
ఫినాలు, టోలీను,
పలికితేనే నాలుక మొద్దుబారే పేర్లు ఇంకొన్ని.
ఎవరికో జ్వరం దించిన బిళ్ళకి
ఇది పురిటి మైల.
కొన్నయితే క్లోరినునే ఊపిరిగా వాడుకుంటాయని
ల్యాబులో నఫీసా మేడం చెప్పింది.
ఎర్రయ్య మామ ఇంకోలా చెప్పాడు:
"ఆటికి గాలి సోకకూడదురా. బాలింతలాటియి."
గాలి సోకడమంటే ఏమిటో
ఈ ఊరికి వేరే చెప్పాలా.

గనగళ్ల ఎర్రయ్య.
తెప్ప మీద కవ్వళ్ళ కోసం, కోనాం కోసం తిరిగినవాడు.
వలకి మందుల కంపు అంటుకున్న ఏడాది
తెప్ప అమ్మేసి ఇక్కడ హెల్పరుగా చేరాడు.
తన సముద్రంలోకి పోయే పైపుకి
వాల్వు తిప్పే పని.
అదేంటి మామా అని ఒకసారి అడిగాను.
"ఎవుడో ఒకడు తిప్పాల గదా.
నానైతే సూసి తిప్పుతాను."

మొన్న శ్రావణంలో ఒక అర్ధరాత్రి
చీటీ లేని ట్యాంకరు ఎవడో దింపేసి పోయాడు.
తెల్లారేసరికి తొట్టి పులిసిపోయింది.
పీహెచ్ ఐదు.
గ్యాసు మీటరు ముల్లు సున్నా మీద
ఎండలో కుక్కలా పడుకుంది.
కొత్త బురదకి టెండరు పిలుద్దామన్నారు పై ఆఫీసులో.
మామ తొట్టికి చెవి ఆన్చి చాలాసేపు నిలబడి
"సావనేదు. అలిగినాయి" అన్నాడు.

తిండి తగ్గించాం.
గంజిలా పలచన చేసి, సోడా కలిపి,
గంటకి ఇంతని కొలిచి పోశాం.
సబ్బవరం నుంచి బకెట్లతో పేడనీళ్ళు తెచ్చి
పాలకి తోడు వేసినట్టు ఓ మూల నుంచి ఎక్కించాం.
పదిహేనో రోజు వాల్వు దగ్గర సన్నగా ఈల.
ఎక్కడో గాలి పీలుస్తోంది.
రబ్బరు రింగు స్టోర్సులో లేదు, ఇండెంటు పెట్టమన్నారు.
మామ తలగుడ్డ చింపి, గ్రీజు పూసి
పసిదాని బొడ్డుకి కట్టినట్టు కట్టాడు.

నలభై ఒక్క రోజులు.
నఫీసా మేడం కూడా మీటరు వైపు చూడడం మానేసింది.

ఆ రాత్రి నీళ్ళసీసాలో, గొట్టం కొసన
ఒక బుడగ.
నమ్మలేదు. టార్చి వేశాను.
ఇంకొకటి.
చేప పైకొచ్చి నోరు తెరిచి మూసినట్టు.
మామని లేపాను. కళ్ళు నులుముకుని వంగి చూశాడు,
బుడగల్ని బట్టే చేపని కనిపెట్టిన కళ్ళవి.
"గుంపు పడ్డాదిరా" అన్నాడు, గుసగుసగా,
గట్టిగా అంటే చెదిరిపోతాయన్నట్టు.

అయినా అబద్ధమెందుకు చెప్పాలి,
బయటికొచ్చే నీళ్ళకి ఇంకా పలచటి టీ రంగే.
తాగమంటే నేను తాగను.
రిపోర్టులో అంకెలు సగానికి సగం పడ్డాయి,
తక్కిన సగం పక్క తొట్టిలో, గాలి తినే వాళ్ళ వంతు.
మామ వేలు ముంచి వాసన చూసి
ఏమీ అనలేదు.
వాల్వు మాత్రం ఒక చుట్టు తిప్పాడు,
సగం చుట్టు వెనక్కి తిప్పాడు.

పొద్దున్న బస్సులో కిటికీ తెరిచాను.
సముద్రం మీంచి చల్లటి గాలి
మొహానికి తగిలింది.
ఒక్క క్షణం, ఎందుకో,
ఒళ్ళంతా మూతపడింది.