నాలుగింతల చేను

కడపలో ఏడురోడ్ల కాడ, అద్దాల బీరువాలో
మూడు గొట్టాలు పడుకోనుండాయి.
ఒకటి ఇరవై నాలుగింతలు చూపిస్తాదంట,
దాని ధరకు జత కాడెద్దులొస్తాయి.
ఇంకోటి చీకట్లో గూడా చూస్తాదంట.
దాని ధర అడగలా.
మూడోది నాలుగింతలు, అంతే.
సాగేది లేదు, తిప్పేది లేదు.

"ఎంత దూరమన్నా నీ గురి?" అన్నాడు అంగడాయప్ప.
గట్టు మింద నుంచి వంక దాకా
తాడేసి కొలుచుకోనే వచ్చినా: నూటపది గజాలు.
"అయితే చేను కనపడితే చాలు గదా,
చందమామతో నీకేం పని?"
అని మూడోదే తీసి చొక్కాకొంగుతో తుడిచినాడు.
"ఇప్పుడే కొనొద్దు. పొద్దుగూకే దాకా కూర్చో.
మద్దేన్నపు ఎండలో సీసా అడుగు గూడా బాగానే కనపడతాది."

కూర్చున్యా. నాలుగు బోండాలు తిన్యా.
వీధిలైట్లు ఇంకా ఎలగని ఆ కాసింత మసకలో
ఎదురుగా టైలరంగడి బోర్డు మింద
ఫోను నెంబరు చివరి అంకె దాకా చదివినా.
రెండు మూటల విత్తనకాయల దుడ్డు
లెక్కపెట్టి ఇచ్చినా.

తాత నాటి తుపాకికి దాన్ని ఎక్కించింది
పోరుమామిళ్ల లేత్ మిషన్ దస్తగిరి.
నాలుగు మరలు బిగించి,
"దెబ్బదెబ్బకూ ఇవి వదులైతాయి" అన్నాడు.
ఇంటికొచ్చి రామతులసి గోళ్లరంగు అడిగినా.
నా కూతురు పడీపడీ నవ్వింది.
మర మింద ఒక ఎర్ర గీత, గొట్టం మింద ఒక ఎర్ర గీత.
రెండు గీతలూ ఎడబాసిన పొద్దు
మర కదిలిందని తెలుసుకోవాల.

సగిలేటి ఇసకలో, ఎత్తుగట్టు ఎనకాల ఉండేటట్టు,
పోయిన నెల క్యాలెండరు కాగితం కట్టినా.
పదిహేడో తేదీకి గురి.
సొసైటీ బాకీ కట్టాల్సిన దినం అది, కసి గూడా ఉండాది.
ఇరవై ఐదుకు తగిలింది.
అంటే వారం కుడికి, ఒక దినం కిందికి.
కన్ను గొట్టానికి అతికిచ్చి పెట్టినానేమో
ఇత్తడి అంచు ఎనక్కి తన్ని
కనుబొమ్మ మింద నెలవంక కోసింది.
నాలుగు వేళ్ల ఎడం ఉండాలని
నెత్తురు తుడుచుకుంటా నేర్చుకున్యా.
ఎడమకు పన్నెండు టిక్కులు, పైకి రెండు.
ఒక్కో తూటా ఒక పూట కూలి.
అయిదోది పదిహేడులో దూరింది.
బాకీ మాత్రం అట్లే ఉండాది.

పందులకు పర్మిషన్ కాగితం ఏడు రాత్రులకు.
మొదటి రెండు రాత్రులు లంకమల మింద నుంచి
గాలి తప్ప ఏదీ దిగలా.
మూడో రాత్రి, తెల్లారుజామున,
వంక పక్కన నల్లగా, గుండ్రంగా, కదిలీ కదలక.
సాళ్లలో చెనిక్కాయ పటపట పెరుకుతాండే శబ్దం.
బుగ్గకు కొయ్య ఆనించినా.
అద్దంలోకి మసక ఎలుతురు పాలమాదిరి దిగింది.
గొంగడి.
గొంగట్లో కుళ్లాయప్ప.
తన చేనికి కావిలి పండుకోనుండాడు,
నోరు కొంచెం తెరుచుకోని.
అడ్డగీత నిలువుగీత కలిసే చోటు
ఆయప్ప రొమ్ము మింద కూడిక గుర్తు పెట్టుండాది.

శబ్దం ఆయప్ప అవతల నుంచి వస్తాండాది.

మంచి అద్దమే. మనిషిని మనిషిగా చూపించింది.
కానీ చూసేదానికి ఎత్తకూడని దాన్ని ఎత్తి చూసినా.
అద్దం ఎంత తేటగున్యా
దాని కిందనే తూటా ఉండాది.
గుండు తీసి జోబిలో ఏసుకుంటే
తొడకు సల్లగా తగిలింది.
ఆ పొద్దు పందులు అరెకరం తిన్యాయి, ఆయప్పదీ నాదీ.

మరుసటి దినం పదిగంటలకే టార్చిలైటు కొన్యా.
ముందు టార్చి, తర్వాత కన్ను, ఆ తర్వాతే తుపాకి.
కుళ్లాయప్ప ఇంటికి పోయి
తెల్ల తువ్వాలొకటి చేతికిచ్చి
"రాత్రిపూట తలకు చుట్టుకో" అన్యా.
"ఎందుకబ్బా?"
నా కనుబొమ్మ మింద పక్కు కట్టిన నెలవంకనే చూస్తాండాడు.
"మంచు పడతాది" అన్యా.