బకాయి వసూలు

మార్చి ముప్పయ్యో తేదీ.
చంకలో రసీదు పుస్తకం, బొటనవేలికి కార్బను మసి.
బేరివీధి వెనక,
ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడైపోవాల్సిన సందులో
కుప్పమ్మాళ్ ఇల్లు.
మూడేళ్ల ఇంటిపన్ను, కుళాయి పన్ను,
వాటి నెత్తిన నెలకు నూటికి రెండు వడ్డీ.

"వడ్డీ మాఫీ లేదా అబ్బయా?"
లేదన్నాను.
దండెం మీది దుప్పట్లు పక్కకు జరిపి
కొండ దిక్కు చూసింది.
"ఆయప్పకే లేదంట, పెండ్లి అప్పుకు.
నాకు యాడ్నించి వస్తుంది"
తనే నవ్వుకుని చాప పరిచింది.

చాపే ఆమె వ్యాపారం.
రాత్రి పదింటికి బస్టాండు బయట
చాప ఇరవై, దుప్పటి ముప్పై.
గది దొరకని ఊళ్లన్నీ,
కోలారు, కరీంనగరు, కడలూరు,
తలకింద చెప్పులు పెట్టుకుని
ఆమె చాపల మీద ఒత్తిగిలి పడుకుంటాయి.
మర్నాడు గుండ్లతో దిగొస్తే
ఆమె వాళ్లను గుర్తుపట్టదు.

నా రిజిస్టరులో
తలుపుకు నంబరున్న ఊరే ఉంది.
రోజూ వచ్చి పోయే ఊరికి గడి లేదు.
కల్యాణి డ్యాము నీళ్లు రెండూళ్లూ తాగుతాయి.
చెత్త రెండూళ్లదీ
మా తోటీలే ఎత్తుతారు.
పైన ఒక కచేరి, కింద ఒక కచేరి,
మధ్యన ఫైలు
మోకాళ్ల పర్వతం ఎక్కుతున్నట్టు ఎక్కుతుంది.

లోపలికి వంగబోతే
కాలికి అక్షరాలు తగిలినాయి.
గడప రాయి. సగం అరవం, మిగతా సగం అరుగుడు.
"మా మామ గోడ కూల్చినప్పుడు దొరికింది.
కాలేజీ అయ్యవారొకాయన
పిండి చల్లి చదివినాడు.
కాలవ, వడ్లు, నాలుగో పాలు,
అంతే అగుపడిందంట."

అంతే చాలు, మిగతాది నాకు తెలుసు.
ఒకప్పుడు కానుక బంగారం
పెట్టెలో పడుకోలేదు.
పలుగూ పారా పట్టుకుని పల్లెకు పోయింది,
చెరువు పూడిక తీసింది, కాలవ తవ్వింది.
పెరిగిన పంట కొండెక్కి ప్రసాదమైతే
నాలుగో పాలు ఇచ్చినవాడికి తిరిగొచ్చేది.
వాడు తిన్నంత తిని తక్కింది అమ్ముకునేవాడు.
భక్తికీ బేరానికీ
ఒకే గంపలో చోటుండేది.

తర్వాత తాళాలు చేతులు మారినాయి.
రాయల మనుషులు, నవాబు ఇజారాదారు,
కంపెనీ దొర, మహంతు, బోర్డు.
లెక్క రాసే పలక మారింది.
రాయి, తాటాకు, కాగితం, కంప్యూటరు.
కూడిక మాత్రం అదే.

కుప్పమ్మాళ్ మూట విప్పింది.
చాపల డబ్బు, అంతా చిల్లర.
పదేసి కుదుర్లుగా పేర్చుకుంటూ పోతే
ఒక కుదురు మీద
మలేసియా నాణెం మెరిసింది.
"ఇది చెల్లదమ్మా."
"పైన హుండీలో చెల్లుతుంది కదా.
పైన చెల్లేది కింద ఎందుకు చెల్లదు?"
ఇరవై రెండేళ్ల సర్వీసులో
ఏ ఆడిటరూ వేయని ప్రశ్న.
ఆ నాణెం నా జేబులో వేసుకుని
నా పది రూపాయలు కలిపి కట్టినాను.

రసీదు చింపి ఇస్తుంటే అడిగింది,
"ఆ నవంబరు వానకు
మోకాటి లోతు నీళ్లొచ్చె ఇంట్లోకి.
కాలవ పూడ్చి ప్లాట్లు వేసినోళ్ల దగ్గర
పన్ను కట్టించుకున్నారా?"

కట్టించుకున్నాం.
నంబర్లిచ్చాం, కుళాయిలిచ్చాం,
రసీదులు నేనే రాశాను.
ఆ రాత్రి నీళ్లు
ఎవర్నీ దారి అడగలేదు.
పాత దస్తావేజు చేతపట్టుకున్నట్టు
సందు సందూ తిరిగి
ఈ గడప దగ్గర కాసేపు నిలబడి
తమ పేరు చదువుకుని
లోపలికి వచ్చినాయి.

ఆమె రసీదును
దేవుడి పటం వెనక దోపింది.
అక్కడ ఇంకా చాలా ఉన్నాయి,
కరెంటు బిల్లు, తాకట్టు చీటీ, వానకు తడిసి ఎండిన పట్టా.

బయటికొస్తూ
ఈసారి గడప తొక్కలేదు.
చిల్లర బరువుకు సంచి ఒకపక్కకు లాగుతోంది.
పక్కింటికి తాళం.