పిల్లరు నంబరు నూట ఇరవై ఆరు

మా దిక్కు అడ్రసు అడిగితే
గల్లీ పేరు ఎవ్వరు చెప్పరు.
నెత్తి మీది ఫ్లైఓవరును మోసే కంబాలకు
సర్కారు నంబర్లేసింది,
అత్తాపూరంటే అవే.
మందుల దుకాణం నూట పదకొండు,
చిన్నోడి ట్యూషను నూట నలభై.
నూట ఇరవై ఆరు కాడ
పదకొండేండ్లు
అండాలు జొన్నరొట్టెలు చేసింది.

సాయంత్రం ఆరు కొట్టంగనే
పీట మీద టపటప మొదలు.
షుగరున్న సార్లు స్కూటర్లు ఆపి
"రెండు మెత్తగ, రెండు కరకర" అంటుంటే
తలెత్తకుండనే లెక్క పెట్టుకునేది.

నడుము పట్టిందన్నది దసరా ముంగట.
రొమ్ము తీసేసి మూడేండ్లాయె.
ఆ ముచ్చట మేం మర్చిపోయినం,
పొయ్యి కాడ వంగి వంగి అనుకున్నం.
బాము రాసిన. ఉప్పు కాపడం పెట్టిన.
పక్క పోర్షను రహమతుల్లా భాయి తెచ్చిన తైలం గూడ.
"ఇంకొంచెం కింద" అనేది.
మర్నాడు "ఇంకొంచెం మీద".
నొప్పి జరుగుతుందనుకున్న.
జరుగలే. అన్ని చోట్ల ఉండె.

లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి
పిల్లవయసు డాక్టరమ్మ పెన్ను మొనతోటి చూపింది.
వెన్నుపూసలకు గూడ నంబర్లుంటయట.
"ఇది టీ ఎనిమిది, ఇది టీ పదకొండు,
కింద ఎల్ రెండు."
బూడిదరంగు పూసల నడుమ ఆ మూడు
పురుగు తిన్న జొన్నగింజల్లెక్క.
నాకు నోరు రాలే.
అండాలే అడిగింది:
"అమ్మా, నా రొట్టెల దుకాణం ఏ నంబరు కాడొస్తది?"
డాక్టరమ్మకు అర్థం కాలే.
నాకయ్యింది. నవ్విన. నవ్వి బయటికొచ్చి
బండిల పాసింజరు సీటు మీద కూసున్న.
ఇన్నేండ్లల ఆ సీటుల నేనెన్నడు కూసోలే.

కరెంటు పెట్టే ముందు
వీపు మీద నీలం సిరాతోటి గీతలు గీసిన్రు.
"రోడ్డు వెడల్పుకు గోడల మీద గుర్తు పెడతరు సూడు,
అట్ల పెట్టిన్రా?
సగం పోతదా, ఇల్లంత పోతదా?"
నేను జాకెట్టు హుక్కులు పెడుతున్న.
ఒక్క హుక్కే రెండుసార్లు తప్పిన.

రెడ్ హిల్స్ దవాఖానకు
పైనుంచి పోతే జల్ది పోవచ్చు.
పైకి ఆటోలను రానియ్యరు.
కిందికెళ్లే పోతం, కంబం ఎనుక కంబం,
నంబర్లు తగ్గుకుంట వస్తయ్.
ఇరవై రెండేండ్ల నుంచి ఇదే తొవ్వ,
తెలుసనుకున్న.
హైదర్‌గూడ మలుపుల తారు మీద బొటనవేలంత గంటు,
రేతీబౌలి దాటినంక
వేలెడు పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత,
మాసబ్‌ట్యాంకు స్పీడు బ్రేకరు, దాని తర్వాత ఇంకోటి,
ఎవరో ఇంటి ముందర సొంతంగ పోసుకున్నది.
ఇవన్ని ఆమె మూలుగు తోటి నేర్చుకున్న.
కొన్నింటికి మూలుగది.
అద్దంల చూస్తే దవడ తెలుస్తది.

ఎనుక హారన్లు. "క్యా మియా, సోగయే క్యా?"
బండి పదిహేను మీద.
పెండ్లిపిల్లను తోల్కపోతున్నవా అని
సిగ్నల్ కాడ పోలీసాయన నవ్విండు.
ఔనన్నట్టు తలూపిన.

నిన్న రాత్రి
పాదాలు దూదిల పెట్టినట్టున్నయన్నది.
కండ్లు మూయించి, వేలు పట్టి,
ఏ వేలో అడగాలని డాక్టరమ్మ చెప్పింది.
అడిగిన.
"బొటనవేలు."
"ఔ."
"చిటికెన."
"ఔ."
"నడిమిది. సూడు, అన్ని చెప్పిన."
మూడోసారి నేనింక ముట్టనే లేదు.
"ఔ" అన్న.
పొద్దుగాల పోంగనే డాక్టరమ్మకు
నిజం చెప్పాలె.

ఐదున్నరకే బండి తీసిన, ఏడో కరెంటు ఇయ్యాల.
ఎనుక సీటుల రెండు బొంతలు, ఒక మెత్త.
నూట ఇరవై ఆరు కంబానికి
మూడు పొయ్యిల మసి ఇంకా ఉన్నది.
అక్కడ గుంత లేదు, బ్రేకరు లేదు.
అయినా నెమ్మది చేస్త.